మాత్ర వేసుకుంటే విశ్వాసం లేనట్టేనా?

చెన్నై నుంచి ఒక పాఠకురాలు రాసిన పెద్ద ఉత్తరం ఇది. పేరు రాయలేదు, రాసినా వేసేవాళ్లం కాదు. జవాబుకు అవసరమైన సంగతులు మాత్రం ముందు ఇక్కడ ఇస్తున్నాను.

ఆమెకు 39 ఏళ్లు. పుట్టిల్లు ఒంగోలు దగ్గర పల్లె. “మా ముత్తాతల నాటి నుంచీ బాప్టిస్టులం” అని రాశారు. పెళ్లయ్యాక చెన్నై వచ్చి కారపాక్కంలో కాపురం పెట్టారు. భర్త ఒక కంపెనీలో స్టోర్స్ చూస్తారు. బాబు తొమ్మిదో తరగతి, పాప ఐదు. ఆమె ఓఎంఆర్ రోడ్డు మీద ఒక ప్రైవేటు ఆఫీసులో అకౌంట్స్ చూసేవారు. రెండేళ్ల కిందట రొమ్ము క్యాన్సర్ అని తేలింది. ఒక రొమ్ము తీసేశారు. కీమో, రేడియేషన్ అయ్యాయి. ఇప్పుడు రోజూ టామాక్సిఫెన్ మాత్ర, ఆరు నెలలకోసారి చెకప్. సెలవులు అయిపోయాక ఆఫీసువాళ్లు “ఆరోగ్యం చూసుకోండి మేడమ్” అని మర్యాదగా ఇంటికి పంపేశారు. దాచుకున్న డబ్బు కరిగిపోయింది. గొలుసు, గాజులు సేటు దగ్గరున్నాయి.

ఇవన్నీ తట్టుకున్నానంటారు ఆమె. తట్టుకోలేకపోయినవి వేరే ఉన్నాయి. తమ తెలుగు సంఘంలో పదకొండేళ్లు సండే స్కూల్ నడిపారు. వైద్యం ముగించుకుని వెళ్లిన మొదటి ఆదివారం ఆమె తరగతిలో వేరే అమ్మాయి కూర్చుని ఉంది. “నువ్వు కొన్నాళ్లు రెస్ట్ తీసుకోమ్మా” అన్నారు పెద్దావిడ ఒకరు. ఆ కొన్నాళ్లు ఇంకా అవలేదు. ఇంటికి ప్రార్థనకు వచ్చిన అయ్యగారు (సంఘ పాస్టరు) ఆమె నెత్తిన చెయ్యి పెట్టి, పిల్లలు వింటుండగానే, “ఈ ఇంట్లో దాగి ఉన్న పాపాన్ని బయటపెట్టు ప్రభువా” అని గట్టిగా ప్రార్థించారు. ఉపవాస కూడికకు వేరే ఊరి నుంచి వచ్చిన ప్రసంగీకుడు “మాత్ర మింగుతున్నన్నాళ్లూ నువ్వు స్వస్థతను నమ్మనట్టే” అన్నారు. ఆ మాటకు భయపడి మూడు వారాలు మాత్ర మానేశారు. ఆడపడుచు ఫోన్ చేసి “మీ అమ్మ వైపు ఏదో శాపం ఉంది” అంది, ఎందుకంటే ఈమె పెద్దమ్మకూ ఇదే జబ్బు వచ్చింది. కోత పండుగనాడు మైకులో కానుకల జాబితా చదువుతున్నారు. ఐదు వేలు, మూడు వేలు, ఐదు వేలు అని వస్తూ వస్తూ ఈమె ఇంటిపేరు దగ్గర “రెండొందలు” అని వినపడింది. ఆ తర్వాతి నెల నుంచి పక్క పోర్షన్ ఆవిడ దగ్గర నూటికి మూడు రూపాయల వడ్డీకి తెచ్చి దశమభాగం (రాబడిలో పదోవంతు కానుక) కవరులో పెడుతున్నారు.

“పూర్తిగా బాగయ్యానని సాక్ష్యం చెప్పమంటున్నారు. డాక్టరు ఇంకా ఆ మాట అనలేదు. అబద్ధం చెప్పలేనంటే గర్వం అన్నారు. అద్దం ముందు నిలబడటం మానేశాను. దేవుడు తన పోలికలో చేశాడంటారే, నాలో ఆ పోలిక ఇప్పుడు సగం పోయినట్టేనా? రాత్రి పడుకునేటప్పుడు, పొద్దున లేవకపోతే అందరికీ భారం తగ్గుతుంది కదా అనిపిస్తోంది. ఇలా అనుకోవడం కూడా పాపమేనా? ఈ సంఘంలో ఉండాలా, మానేయాలా? దశమభాగం ఆపేస్తే దేవుని సొమ్ము దొంగిలించినట్టేనా? బాబు చర్చికి రానని మొండికేస్తున్నాడు. నేను పనికిరాని పాత్రనైపోయాను.”

ఇదీ ఉత్తరం.

అమ్మా, మీరు అడిగిన వరసలో కాకుండా నాకు తొందరగా అనిపించిన వరసలో చెబుతాను. మూడు వారాలు మానేశాక మాత్ర మళ్లీ మొదలుపెట్టారో లేదో మీరు రాయలేదు. ఉత్తరం రెండోసారి చదివింది అది వెతకడానికే. టామాక్సిఫెన్‌ను ఐదేళ్లు, కొందరికి పదేళ్లు కూడా వాడమంటారు. జబ్బు తిరగబెట్టకుండా కాపు కాసే మందు అది. ఈ వారంలోనే మీ క్యాన్సర్ డాక్టరు దగ్గరికి వెళ్లి మానిన సంగతి దాచకుండా చెప్పండి. మానిన రోజులకు కలిపి మీ అంతట మీరు ఎక్కువ వేసుకోవద్దు. ఎందుకు మానారని అడిగితే అదీ చెప్పండి. ఇలాంటి కారణాలు వినడం ఆయనకు కొత్తేమీ కాదు.

మందుకూ విశ్వాసానికీ పొత్తు కుదరదన్న ఆ ప్రసంగీకుడికి హిజ్కియా రాజు కథ తెలియకుండా ఉంటుందా? రాజుకు చావు జబ్బు చేసింది. గోడ వైపు తిరిగి ఏడ్చి ప్రార్థించాడు. ఇంకా 15 ఏళ్ల ఆయుష్షు ఇస్తున్నానని దేవుడు యెషయా చేత కబురు పంపాడు. అంతటి మాట దేవుడి నోటి నుంచి వచ్చాక కూడా ప్రవక్త ఏమన్నాడు? అంజూరపు పండ్ల ముద్ద తెచ్చి పుండు మీద కట్టమన్నాడు. అక్కడున్న వాళ్లెవరూ ‘ముద్ద కడితే దేవుణ్ణి నమ్మనట్టు’ అనలేదు. పౌలు తన తోటి పనివాడు త్రోఫిము జబ్బు పడితే మిలేతులో వదిలి వచ్చానని మామూలుగా ఒక ముక్క రాశాడు. త్రోఫిముకు విశ్వాసం చాలలేదని కానీ, దాచిన పాపం ఉందని కానీ అందులో లేదు. మీకు మాత్ర మానమని చెప్పినాయన మర్నాడు ఇంకో ఊరు వెళ్లిపోయారు. స్కాన్ రిపోర్టు చేతిలో పట్టుకుని కూర్చోవలసింది మీరు. ఈ విషయంలో మాత్రం రెండు దారులున్నాయని నేను చెప్పను.

ఇక రాత్రిపూట వచ్చే ఆలోచన. పాపమా అని అడిగారు. ఏలీయా ప్రవక్త బదరీ చెట్టు కింద పడుకుని ‘ఇక చాలు, నా ప్రాణం తీసుకో’ అన్నాడు. దేవుడు ఆయన్ని గద్దించలేదు. నిద్రపోనిచ్చాడు. దూత తట్టి లేపి, నిప్పుల మీద కాల్చిన రొట్టె, కూజాతో నీళ్లు ఇచ్చాడు. తిని మళ్లీ పడుకున్నాడు, మళ్లీ లేపి పెట్టాడు. ఉపదేశం ఆ తర్వాతెప్పుడో. కాబట్టి మీరు పాపం చేస్తున్నారని నేననుకోను. మీకు సాయం కావాలని మాత్రం గట్టిగా అనుకుంటున్నాను. క్యాన్సర్ వైద్యం అయినవాళ్లలో మనసు ఇలా కుంగడం డాక్టర్లు తరచుగా చూసేదే. ఆ మాత్ర వల్ల ఒళ్లు వేడెక్కడం, నిద్ర చెడటం ఉంటాయి, కొందరికి మనసు కూడా దిగులుగా ఉంటుంది. మీరు విశ్వాసలోపం అనుకుంటున్న దానిలో కొంత ఒట్టి నిద్రలేమి కావచ్చు.

క్యాన్సర్ డాక్టరుకే ఈ మాట కూడా చెప్పండి, మనసు డాక్టరు దగ్గరికి పంపిస్తారు. అక్కడ టామాక్సిఫెన్ వాడుతున్నానని తప్పకుండా చెప్పాలి. పారాక్సిటిన్, ఫ్లూక్సెటిన్ లాంటి కొన్ని మందులు దాని పనిని తగ్గిస్తాయి. దానికి అడ్డురాని మందులు వేరే ఉన్నాయి, వాళ్లు చూసి రాస్తారు. అర్ధరాత్రి ఆ ఆలోచన గట్టిగా పట్టుకుంటే తెల్లవారే దాకా ఆగొద్దు. మీ ఆయన్ని లేపండి. 14416కి ఫోన్ చేయండి. అది ప్రభుత్వ టెలీ మానస్ నంబరు, డబ్బు పడదు, ఇరవై నాలుగు గంటలూ ఉంటుంది, తెలుగులో మాట్లాడవచ్చు. మీ ఊళ్లోనే 1986 నుంచి ‘స్నేహ’ అనే సంస్థ ఇలాంటి వాళ్ల మాట వినడానికే పనిచేస్తోంది.

ఎవరి పాపం అన్న దానికి వస్తాను. పుట్టు గుడ్డివాణ్ణి చూసి శిష్యులు యేసును ఇదే అడిగారు, వీడు చేశాడా, వీడి కన్నవాళ్లు చేశారా అని. ఇద్దరూ కాదన్నాడు. అన్నీ పోగొట్టుకుని జబ్బుపడ్డ యోబును చూడవచ్చిన స్నేహితుల కథ మీరే ఎన్నిసార్లు పిల్లలకు చెప్పి ఉంటారో. ఏడు రోజులు నేల మీద కూర్చుని ఏమీ మాట్లాడకుండా ఉన్నంతసేపూ వాళ్లు మంచి స్నేహితులే. నోరు విప్పాక నీ పాపం ఒప్పుకోమని వెంటపడ్డారు. చివరికి దేవుడి కోపం ఎవరి మీదికి వెళ్లింది? దేవుడి తరఫున వకాల్తా పుచ్చుకున్న ఆ ముగ్గురి మీదికి. దేవుడితో పోట్లాడిన యోబు సరిగ్గా మాట్లాడాడని అక్కడ రాసి ఉంది.

మీ ఆడపడుచు అన్న శాపం సంగతి. తండ్రులు ద్రాక్షకాయలు తింటే పిల్లల పళ్లు పులిశాయి అనే సామెత ఇశ్రాయేలులో ఇక ఎవరూ పలకకూడదని యెహెజ్కేలు 18వ అధ్యాయంలో దేవుడే అంటాడు. అయితే ఆమె మాటలో మరో రకంగా పనికొచ్చే ముక్క ఒకటుంది. రొమ్ము క్యాన్సర్లలో కొద్ది భాగం, నూటికి ఐదు నుంచి పది దాకా, వంశంలో వచ్చే జన్యువు వల్ల వస్తాయి. మీ పెద్దమ్మకు ఏ వయసులో వచ్చిందో కనుక్కుని డాక్టరుకు చెప్పండి. అవసరమైతే ఆయన జన్యు పరీక్ష రాస్తారు. మీ అక్కచెల్లెళ్లకూ, రేపు మీ పాపకూ అది పనికొస్తుంది. శాపం అనుకుని నోరు మూసుకుంటే వాళ్లకు జాగ్రత్తపడే అవకాశం పోతుంది.

ఇప్పుడు అసలు ప్రశ్న, మీ విలువ. మీ ఉత్తరంలో నాకు కనిపించింది చెబుతాను, తప్పైతే రాయండి. జీతం పోయింది, కవరులో డబ్బు తగ్గింది, తరగతి పోయింది, ఒంట్లో ఒక భాగం పోయింది. ఒక్కొక్కటి పోయినప్పుడల్లా మీరు మీలోంచి కొంత తీసేసుకుంటూ వచ్చారు. అకౌంట్స్ చేసిన చెయ్యి కదా. ఆ లెక్క మీరు కనిపెట్టింది కాదు. మైకులో జాబితా చదివే చోట, సాక్ష్యానికి ‘బాగైపోయాను’ అనే ముగింపు ఒక్కటే పనికొచ్చే చోట, ఎవరైనా నేర్చుకునే లెక్కే అది. నేను పుట్టి పెరిగింది గుంటూరు జిల్లా లూథరన్ ఇంట్లో. కోత పండుగకు గుమ్మడికాయ వేలం పాడి, ఎవరి నోట ఎంత వచ్చిందో ఏడాది పొడుగునా చెప్పుకునేవాళ్లం. అందులో సరదా ఉంది, కాదనను. పాడలేని ఇళ్లవాళ్లు ఆ సాయంత్రం ఎక్కడ నిలబడేవారో మాత్రం ఎవరికీ గుర్తుండదు.

పిచ్చుకల మాట సువార్తల్లో రెండు చోట్ల ఉంది. మత్తయిలో రెండు పిచ్చుకలు ఒక కాసుకు. లూకాలో ఐదు పిచ్చుకలు రెండు కాసులకు. లెక్క ప్రకారం రెండు కాసులకు నాలుగే రావాలి. ఐదోది కొసరు. మన కొత్తిమీర కట్టలాగా కూరగాయలబ్బి ఊరికే పడేసేది. దానికంటూ ధర లేదు. వాటిలో ఒక్కటి కూడా దేవుని ఎదుట మరువబడదని ఆ వెంటనే ఉంది. మీరు ఆ వాక్యాన్ని ‘పిచ్చుకలకంటే మీరు శ్రేష్ఠులు’ అనే చివరి ముక్కతో పిల్లలకు బట్టీ పట్టించి ఉంటారు. ఇప్పుడు మీ కోసం చదువుకోండి. సంపాదన, సేవ, కానుక ఏదీ లేని చోట కూడా లెక్కలోంచి జారిపోరు అంటున్నాడాయన. మీ విశ్వాసం మీకిచ్చే విలువ ఇదైతే, మైకులో చదివిన అంకె దాన్ని తగ్గించలేదు. వచ్చే ఏడు మీరు ఐదు వేలు వేసినా అది పెరగదు కూడా. ఈ రెండో సగం ఒప్పుకోవడం కష్టం. తరగతి తిరిగి ఇస్తే, ఉద్యోగం వస్తే అంతా సర్దుకుంటుందని మీకు అనిపిస్తోంది. వస్తే మంచిదే, నేనూ కోరుకుంటాను. కానీ అవి వచ్చిన రోజున పాత లెక్కే మళ్లీ మొదలైతే, తర్వాతి చెకప్ తేదీ దగ్గరపడగానే మళ్లీ ఇక్కడికే వస్తారు.

పోలిక సగం పోయిందా అన్న మాట దగ్గర నేను చాలాసేపు ఆగాను. మీరుండే ఊరు యేసు శిష్యుడు తోమా ఊరు. ఆయన ఇక్కడికి వచ్చాడనీ, పరంగిమల మీద ప్రాణం విడిచాడనీ, శాంథోమ్‌లో సమాధి చేశారనీ సంప్రదాయం. ఆయన్ని అందరూ అనుమానపు తోమా అంటారు. ఆయన అడిగింది చూడండి. మేకుల గుర్తులు చూస్తేగానీ, పక్కటెముకల దగ్గరి గాయంలో చెయ్యి పెడితేగానీ నమ్మనన్నాడు. యేసు చూపించాడు. అంటే తిరిగి లేచిన ఆ శరీరానికి కూడా గాయాలు మానిపోయి చర్మం నున్నగా రాలేదు. చావును గెలిచిన ఒంటి మీద ఆ గుర్తులు అలాగే ఉన్నాయి. వాటిని చూసే తోమా గుర్తుపట్టాడు. నాకు తెలిసినంతలో ‘నా ప్రభువా, నా దేవా’ అన్నంత సూటిగా ఆయన్ని అప్పటిదాకా ఎవరూ పిలవలేదు. దేవుడి పోలికకు కోత పడిన ఒళ్లు అడ్డమని ఎవరైనా మీకు చెబితే ఆ అధ్యాయం వాళ్లకు చూపించండి. దీనితో అద్దం ముందు నిలబడటం రేపటికల్లా తేలికైపోతుందని చెప్పను. ఆ గాటును చూడలేకపోవడం ఆపరేషన్ అయిన చాలామందిలో ఉంటుంది. లోదుస్తుల్లో పెట్టుకునే కృత్రిమ రొమ్ము గురించో, తిరిగి కట్టే సర్జరీ గురించో ఆసుపత్రిలో అడగడం ఆడంబరం కాదు. కావాలంటే అడగండి, వద్దనుకుంటే మానండి. రెండూ మీ ఇష్టం.

మీరు ముత్తాతల మాట ఎత్తారు కాబట్టి ఒక సంగతి. 1876-78 కరువులో ఒంగోలు చుట్టుపక్కల జనం ఆకలితో పోతున్నప్పుడు జాన్ క్లౌ అనే బాప్టిస్టు మిషనరీ బకింగ్‌హామ్ కాలువలో మూడున్నర మైళ్ల తవ్వకం పని కాంట్రాక్టు తీసుకుని వాళ్లకు కూలి ఇప్పించాడు. ఆ రోజుల్లో వేలమంది బాప్తిస్మం అడిగారు. ఆయన ఇవ్వలేదు. కూలి కోసం, గింజల కోసం చేరారన్న మాట రాకూడదని కరువు పని అయ్యేదాకా ఆపాడు. ఆ తర్వాత 1878 జులై 3న గుండ్లకమ్మ ఒడ్డున ఒక్క రోజునే 2,222 మందికి ఇచ్చారు. వాళ్లలో ఎక్కువమంది మాదిగలు. ఊరు దృష్టిలో వాళ్ల విలువ ఎంతో మీకు నేను చెప్పనక్కర్లేదు. మీ పెద్దవాళ్లు ఆ గుంపులో ఉన్నారో లేదో నాకు తెలియదు. ఉంటే, వాళ్ల చేతిలో కానుక కవరు లేదు, ఒంట్లో సత్తువ లేదు, ‘ఆశీర్వాదం’ అని చూపించడానికి ఏమీ లేదు. కరువు వాళ్ల విశ్వాసలోపం వల్ల వచ్చిందని అన్నవాళ్లు ఉంటే, ఆ సంఘం పుట్టేదే కాదు. ఆ కాలువే ఇప్పుడు కారపాక్కంలో మీ ఇళ్ల వెనక నుంచి పోతోంది, మురికి కంపుతో.

దశమభాగం. ‘దొంగిలితిరి’ అనే మాట మలాకీ 3వ అధ్యాయం 8వ వచనంలో ఉంది, ప్రసంగాల్లో ఎప్పుడూ అక్కడి నుంచే మొదలవుతుంది. మూడు వచనాలు పైకి వెళితే, కూలివాళ్లనూ విధవరాండ్రనూ తండ్రిలేనివాళ్లనూ బాధపెట్టేవాళ్ల మీద సాక్ష్యం పలుకుతానని దేవుడు అంటున్నాడు. ద్వితీయోపదేశకాండం 14లో మూడో ఏటి దశమభాగం ఎవరికి చేరాలో ఉంది. గుడి సేవ చేసే లేవీయులతో పాటు పరదేశులు, తండ్రిలేనివాళ్లు, విధవరాండ్రు తిని తృప్తి పొందాలి. ఆ ఏర్పాటులో ఇచ్చే వరస ఒకటి, పుచ్చుకునే వరస ఒకటి ఉన్నాయి. ఈ ఏడు మీరు రెండో వరసలో ఉన్నారు, అంతే. లేనిదాన్ని బట్టి కాదు, ఉన్నదాన్ని బట్టే ఇచ్చింది ప్రీతికరమని పౌలు కొరింథీయులకు రాశాడు. నెలకు మూడు రూపాయలంటే ఏడాదికి నూటికి ముప్పై ఆరు. వడ్డీకి తెచ్చి కవరులో పెడితే లాభపడేది పక్క పోర్షన్ ఆవిడ. పూర్తిగా ఆపేస్తే మనసు ఒప్పుకోదంటే చేతిలో ఉన్న పదో ఇరవయ్యో వేయండి. పేరు రాయకుండా కానుక సంచిలో వేయండి, అప్పుడు జాబితాలోకి ఎక్కదు. ఎవరైనా అడుగుతారు, చెవులు కొరుక్కుంటారు. ఆ నాలుగు వారాల ఇబ్బందికి సిద్ధపడితే అప్పు పెరగడం ఆగుతుంది.

డబ్బు దగ్గరే ఇంకో మాట. పాత జీతం చీటీలు తీసి ఈఎస్ఐ (ఉద్యోగుల ఆరోగ్య బీమా) కోత ఉందేమో చూడండి. జీతం 21,000 దాటనివాళ్లకు ఉంటుంది. క్యాన్సర్ లాంటి జబ్బులకు రెండేళ్ల వరకూ జీతంలో 80 శాతం ఇచ్చే ఏర్పాటు అందులో ఉంది, దానికి షరతులున్నాయి. మీకు వర్తిస్తుందో, గడువు దాటిందో ఆ ఆఫీసులోనే తేలుతుంది. పీఎఫ్ కూడా జబ్బు కారణంగా తీసుకోవచ్చు.

సాక్ష్యం మాటకొస్తే, మీరు అబద్ధం చెప్పనన్నారు, వాళ్లు గర్వం అన్నారు. నాకు ఆ ముక్క చదివినప్పుడు ఈవిడ విశ్వాసానికేమీ ఢోకా లేదు అనిపించింది. 88వ కీర్తన చదవండి. మొదటి నుంచి చివరిదాకా మొరే. చీకటే నాకు చుట్టమైందని ముగిసిపోతుంది, కింద స్తోత్రం అని కూడా లేదు. దాన్ని పరిశుద్ధ గ్రంథంలోంచి ఎవరూ తీసేయలేదు. ‘వైద్యం జరుగుతోంది, భయంగా ఉంది, నా కోసం ప్రార్థించండి’ అని చెప్పడమూ సాక్ష్యమే. చెప్పాలనిపిస్తే అది చెప్పండి, లేదంటే ఊరుకోండి.

ఇక సంఘంలో ఉండాలా వద్దా. ఇది నేను తేల్చేది కాదు. ఒక్కో దారిలో ఏముంటుందో మాత్రం చెప్పగలను.

అయ్యగారితో నేరుగా మాట్లాడటం ఒకటి. ఒంటరిగా వద్దు, మీ ఆయన్ని తీసుకుని, ఆదివారం రద్దీలో కాకుండా మామూలు రోజు వెళ్లండి. మూడే అడగండి. ప్రార్థనలో మా ఇంటి పాపం అనే మాట వద్దు. కానుకల అంకెలు మైకులో చదవొద్దు. నా తరగతి నాకు ఎప్పుడిస్తారు, ఇవ్వకపోతే ఎందుకు. పిల్లలు వింటుండగా ఆయన ప్రార్థన వాళ్లకేం చేసిందో కూడా చెప్పండి. చాలామంది సేవకులు తాము అన్నది ఎదుటివాళ్లకు ఎలా తగిలిందో ఎరగరు, వింటే మెత్తబడతారు. కొందరు మాత్రం వచ్చే ఆదివారం పేరు చెప్పకుండా ప్రసంగంలో దులిపేస్తారు. అలా జరిగితే ఆ చోటు ఎలాంటిదో మీకు తేలిపోతుంది, అయితే ఆ తేలడం బాధగా ఉంటుంది.

ఏమీ మాట్లాడకుండా వెనక బెంచీలో కూర్చుని రావడం ఇంకోటి. ఒంట్లో ఓపిక లేనప్పుడు ఇదే తేలిక. కానీ పిల్లలు అవే మాటలు వింటూ పెరుగుతారు, మీరు మెల్లగా కరుగుతూనే ఉంటారు. నాకైతే ఇది ఎక్కువ కాలం నడిచేదిగా కనిపించడం లేదు.

వేరే సంఘానికి మారవచ్చు. చెన్నైలో తెలుగు ఆరాధనలు ఇంకా ఉన్నాయి. పిల్లలకు తమిళం మీకంటే బాగా వచ్చి ఉంటుంది, కాబట్టి దగ్గర్లోని తమిళ చర్చికైనా వెళ్లవచ్చు. కొత్త చోట మీరు ‘జబ్బు చేసిన సిస్టర్’ కాకుండా మామూలు మనిషిగా మొదలుపెడతారు. పోగొట్టుకునేదీ ఉంది. కీమో రోజుల్లో ఒకావిడ వారం వారం బస్సులో వచ్చి, గిన్నెలు తోమి, క్యారియర్‌లో రసం అన్నం పెట్టి వెళ్లేదని మీరే రాశారు. నోటితో ప్రార్థన కూడా పెద్దగా చేసేది కాదట. ఆమె కూడా ఈ సంఘమే. మారినా ఆమెను వదులుకోకండి. మారకపోయినా పెద్దావిడల కంటే ఆమె పక్కన కూర్చోండి.

కొన్నాళ్లు ఎక్కడికీ వెళ్లకుండా ఉంటానంటే దానికీ దేవుడు అలగడు. ఇంట్లో ఒక కీర్తన చదువుకోండి. ఒక్కటే జాగ్రత్త, మీ రాత్రులు ఇప్పటికే ఒంటరివి, ఆదివారాలు కూడా అలా అయిపోతే బరువు పెరుగుతుంది. విరామం తీసుకుంటే పండుగ దాకానో, తర్వాతి చెకప్ దాకానో అని గడువు పెట్టుకోండి. ఆ వారాల్లో మనుషులు ఇంటికి వచ్చేలా చూసుకోండి.

మీ ఆయన గురించి ఉత్తరంలో రెండే వాక్యాలున్నాయి. ఓవర్‌టైం చేస్తున్నారనీ, హాల్లో పడుకుంటున్నారనీ. మీ మీద విముఖత వల్ల అని మీరు తీర్మానించుకున్నారు. అయ్యుండకపోవచ్చు. మీ నిద్ర చెడుతుందనో, గాయం తగులుతుందనో, ఏం మాట్లాడాలో తెలియకనో కూడా కావచ్చు. మన మగవాళ్లు భయాన్ని పనిలో దాచుకోవడంలో ఆరితేరినవాళ్లు. “హాల్లో ఎందుకు పడుకుంటున్నారు?” అని ఒక్కసారి అడగండి. జవాబు మీరు భయపడినట్టే ఉండే ప్రమాదం లేకపోలేదు. అలా ఉన్నా, ఊహించుకుంటూ పడుకోవడం కంటే తెలిసి ఉండటం నయం. రాత్రి ఆలోచనల సంగతి మాత్రం ఆయనకు తప్పకుండా తెలియాలి.

చివరికి మీ బాబు. ‘మా అమ్మని అనే చోటికి నేనెందుకు రావాలి’ అన్నాడని మీరు కుమిలిపోయారు. నాకు వాడు చాలా నచ్చాడు. వాడు వదిలేసింది దేవుణ్ణో, ఆ చర్చి హాలునో వాడికే ఇంకా తెలియదు, ఆ వయసులో తెలియనక్కర్లేదు. వాక్యం చెప్పి లొంగదీయకండి, బలవంతాన లాక్కెళ్లకండి. ఆ రోజు ప్రార్థనలో పాపం అని విన్నప్పుడు వాడేమనుకున్నాడో అడగండి, మధ్యలో అడ్డురాకుండా వినండి. అమ్మకు ఈ జబ్బు ఎందుకొచ్చింది అని వాడడిగితే, నాకూ తెలియదు, కానీ ఎవరి తప్పూ కాదు అని చెప్పండి. తర్వాతి చెకప్‌కు మీతో వస్తానంటే తీసుకెళ్లండి. తొమ్మిదో తరగతి పిల్లాడికి డాక్టరు చెప్పేది బాగానే అర్థమవుతుంది.